బైబిలు స్త్రీలు, మాతృ సంఘాలు: తెలుగు జిల్లాల్లో క్రైస్తవ స్త్రీలకు అందిన హితబోధ

తెలుగు జిల్లాల్లో ఏదైనా పాత చర్చికి వెళ్లి, అక్కడి పెద్దవయసు స్త్రీలను పలకరించి చూడండి. మాటల మధ్య "మా నాయనమ్మ బైబిలు ఉమన్‌గా చేసింది" అనే వాక్యం ఎక్కడో ఒకచోట మీ చెవిన పడుతుంది. ఇందులో "చేసింది" అనే క్రియను గమనించండి. టీచరుగా చేసింది, నర్సుగా చేసింది అన్నట్టే దీన్నీ వాడతారు. అది నిజంగానే ఉద్యోగం. చిన్నదైనా నెలజీతం ఉండేది, తిరగవలసిన ఊళ్లు ఉండేవి, పై అధికారికి చెప్పవలసిన లెక్కలు ఉండేవి. ఈ ఉద్యోగంలో చేయవలసిన పని ఇతర స్త్రీలకు ధైర్యం చెప్పడం, బైబిలు వాక్యం వినిపించడం, ఇల్లు ఎలా నడుపుకోవాలో, బిడ్డల్ని ఎలా పెంచుకోవాలో, భర్తతో ఎలా మెలగాలో చెప్పడం.

వీరేశలింగం స్త్రీ సంస్కరణ గురించి మీరు ముందే చదివి ఉంటారు. 1883లో ఆయన మొదలుపెట్టిన 'సతీహితబోధిని', 1902 నాటి 'హిందూ సుందరి', 1904 నాటి 'సావిత్రి' పత్రికల పేర్లు మీకు తెలిసినవే. వాటి పక్కనే సాగిన మరో ధార గురించి మన చరిత్ర పుస్తకాలు తక్కువ చెబుతాయి. చెప్పినా మిషనరీల సేవ అనే శీర్షిక కింద రెండు వాక్యాల్లో ముగిస్తాయి. ఈ యూనిట్‌లో ఆ ధారను పరిశీలిద్దాం. అందుకు ఒక విషయాన్ని మొదటే మనసులో పెట్టుకోండి. ఆ హితబోధలో వర్ణించిన స్త్రీ ఒకరు, ఆ హితబోధను ఊరూరా మోసుకుపోయిన స్త్రీ మరొకరు. మొదటి స్త్రీ ఇంటిపట్టున ఉండి దీపంలా ఇంటికి వెలుగు ఇవ్వాలి. రెండో స్త్రీ పొద్దున్నే ఇల్లు వదిలి, పొలం గట్ల మీద నడిచి, జీతానికి పనిచేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మనకు ఇక్కడ ముఖ్యం.

ఆధారాలు ఎవరివి?

ముందు ఒక హెచ్చరిక అవసరం. ఈ విషయం మీద మనకు దొరికే రాతపూర్వక ఆధారాల్లో ఎక్కువ భాగం మిషన్ నివేదికలు. గుంటూరులోని లూథరన్ మిషన్, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు మిషన్, మచిలీపట్నం చర్చ్ మిషనరీ సొసైటీ ఏటేటా తమ దేశాల్లోని దాతలకు నివేదికలు పంపేవి. స్త్రీల పనికి విడిగా నిధులు సేకరించే సంఘాలు కూడా ఉండేవి. బోస్టన్‌లో 1871లో ఏర్పడిన అమెరికన్ బాప్టిస్టు స్త్రీల విదేశీ మిషనరీ సంఘం అలాంటిదే. దాతకు రాసే ఉత్తరంలో ఏముంటుందో మీరు ఊహించగలరు. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎంతమంది విన్నారు, ఎవరు కన్నీరు పెట్టుకున్నారు అనేవి ఉంటాయి. హిందూ స్త్రీ చీకట్లో మగ్గిపోతున్నట్టు, వెలుగు కోసం చేతులు చాచినట్టు వర్ణనలు ఉంటాయి. కష్టం ఎంత ఎక్కువగా కనబడితే చందా అంత ఎక్కువగా వస్తుంది కదా!

అంతమాత్రాన ఆ నివేదికలను పక్కన పడేయనవసరం లేదు. వాటిలో తెలుగు స్త్రీల పేర్లు దొరుకుతాయి. చాలాసార్లు ఒక్క పేరే, అదీ రూతు, జూలియా, లిడియా వంటి బాప్తిస్మపు పేరు. ఇంటిపేరు ఉండదు, ఊరు ఉండదు. ఆ కాలపు దళిత స్త్రీల పేర్లు ఆ మాత్రమైనా వరసగా నమోదైన చోట్లు తక్కువ.

జనానా అనే మాట

స్త్రీల మధ్య మిషన్ పనిని ఆ కాలంలో 'జనానా పని' అనేవారు. ఇంగ్లండులో 1880లో ఏర్పడిన ఒక సంఘం పేరులోనే ఈ మాట ఉంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జనానా మిషనరీ సొసైటీ అనే ఆ సంఘం మచిలీపట్నం ప్రాంతంలోనూ పనిచేసింది. ఈ పారసీ పదం ఉత్తరాది నుంచి, ముఖ్యంగా బెంగాల్ అనుభవం నుంచి వచ్చింది. అక్కడి సంపన్న కుటుంబాల స్త్రీలు అంతఃపురం దాటి రారు కాబట్టి, ఉపాధ్యాయినే ఇంటికి వెళ్లి చదువు చెప్పాలి అన్నది ఈ పద్ధతి.

తెలుగు దేశానికి ఈ మాట అంత సరిగా అతకదు. ఇక్కడ గోషా పాటించినవి ముఖ్యంగా జమీందారీ కుటుంబాలు, సంపన్న ముస్లిం కుటుంబాలు. కృష్ణా తీరపు బ్రాహ్మణ స్త్రీ నీళ్లకు ఏటికి వెళ్లేది, గుడికి వెళ్లేది, పేరంటానికి వెళ్లేది. ఇక మాల, మాదిగ స్త్రీల సంగతి చెప్పనే అక్కరలేదు. నాట్లు, కలుపు, కోతలు అన్నీ వాళ్ల చేతుల మీదుగానే సాగేవి. అయినా 'జనానా' అనే మాట ఎంతగా నాటుకుపోయిందంటే, 1890లలో వెలువడిన ఒక తెలుగు స్త్రీల పత్రికకు 'తెలుగు జనానా' అనే పేరు పెట్టారు. దాన్ని నడిపింది మిషనరీలు కాదు, హిందూ సంస్కర్తలు.

ఈ పనిలో కులం ఎలా అడ్డొచ్చిందో చూడండి. పైకులాల ఇళ్ల లోపలికి దొరసానికి ఒక మేరకు ప్రవేశం దొరికేది. ఆమె వెళ్లాక ఇల్లు కడుక్కునే వాళ్లూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. మాదిగపల్లెలో పుట్టిన బైబిలు స్త్రీకి మాత్రం ఆ గడప దాటే వీలు లేదు. వాకిట్లోనో, దూరంగా చెట్టు కిందో నిలబడి చెప్పాలి. కాబట్టి పని రెండుగా చీలిపోయింది. పైకులాల ఇళ్లకు తెల్లజాతి స్త్రీలు, పైకులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కొద్దిమంది వెళ్లారు. పల్లెలకు పల్లెల నుంచి వచ్చినవాళ్లే వెళ్లారు. నివేదికల్లో పెద్ద పేరు మొదటి పనికి వచ్చింది. సంఘం పెరిగింది మాత్రం రెండో పనివల్ల.

లండన్ మురికివాడ నుంచి ఒంగోలు దాకా

'బైబిలు స్త్రీ' అనే ఉద్యోగం భారతదేశం కోసం పుట్టింది కాదు. 1857లో లండన్‌లో ఎలెన్ రాన్యార్డ్ అనే ఆమె దీన్ని మొదలుపెట్టింది. నగరం నడిబొడ్డున సెవెన్ డయల్స్ అనే మురికివాడ ఉండేది. అక్కడి పేద స్త్రీల దగ్గరికి పై తరగతి స్త్రీ వెళ్లి నీతులు చెబితే ఎవరూ వినరని రాన్యార్డ్ గ్రహించింది. అదే వాడలో పుట్టి పెరిగిన మేరియన్ బవర్స్ అనే స్త్రీని జీతానికి పెట్టుకుంది. ఆమె పని ఇంటింటికీ వెళ్లి, వాయిదాల మీద బైబిళ్లు అమ్మడం. దాంతోపాటు తక్కువ ఖర్చుతో వంట చేసుకోవడం, బట్టలు కుట్టుకోవడం, వారం వారం కొద్ది కొద్దిగా డబ్బు కూడబెట్టి పక్కబట్టలు కొనుక్కోవడం నేర్పేది. పేదలకు, దాతలకు మధ్య తెగిపోయిన లంకెను ఈ స్త్రీ కలుపుతుందని రాన్యార్డ్ భావించింది. 1868 నుంచి ఇదే పద్ధతిలో నర్సులను కూడా పేటలకు పంపింది. పొదుపు, పరిశుభ్రత, ప్రార్థన అన్నీ ఒకే సంచిలో పెట్టి, అదే వాడ మనిషి చేత పంపడం ఈ పద్ధతి కిటుకు. మన డ్వాక్రా సంఘాలు, ఆశా కార్యకర్తలు మీకు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. వాటికీ దీనికీ నేరుగా సంబంధం ఉందని మాత్రం అనుకోకండి.

తెలుగు నేల మీద ఈ పేరు రాకముందే ఈ పని మొదలైంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు దగ్గరి ఒక కొండ ఎక్కి ఐదుగురు ప్రార్థించారు. తరవాత దానికి 'ప్రార్థన కొండ' అనే పేరు స్థిరపడింది. బాప్టిస్టు చరిత్రలన్నీ ఈ సంఘటనను చెబుతాయి. చెప్పేటప్పుడు మిషనరీ లైమన్ జూవెట్ పేరే ముందు వస్తుంది. మిగిలినవాళ్లు ఆయన భార్య, నర్సు అనే పేరున్న తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. లెక్క వేయండి, ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు.

జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. దాదాపు అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ క్రైస్తవంలోకి వచ్చారు. మాదిగల్లో ఉద్యమం వాళ్ల ద్వారా పల్లె నుంచి పల్లెకు పాకింది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక్క రోజులో ఇంతమంది వచ్చి చేరాక మర్నాటి నుంచి పని ఎవరిది? అందులో సగం స్త్రీలే అనుకుంటే, వాళ్లతో ఎవరు కూర్చుంటారు? బోధకుడు పురుషుడు. పగలు స్త్రీలు పొలంలో ఉంటారు. రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడాలంటే మరో స్త్రీ రావాలి. బైబిలు స్త్రీ లేకుండా సామూహిక మతాంతరీకరణ నిలబడదన్నది సిద్ధాంతం కాదు, చేతిలో ఉన్న పని.

వీళ్లలో విధవలు ఉన్నారు, బోధకుల భార్యలు ఉన్నారు, భర్త వదిలేసినవాళ్లు ఉన్నారు. మిషన్ వీళ్లకు చదువు నేర్పింది. చాలామందికి అక్షరాలు వచ్చింది పెద్దయ్యాకే. కీర్తనలు మాత్రం అక్షరాలకంటే ముందే వచ్చేవి. పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు రాగతాళాలతో, మంగళహారతి పాటల వరసలో ఉంటాయి. పాట ఎత్తుకుంటే నలుగురు చేరేవారు. చేరాక కథ మొదలు. బిడ్డలు లేక ఏడ్చిన హన్నా, పరాయి దేశంలో పరిగె ఏరుకున్న రూతు, బావి దగ్గర నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీ. పరిగె ఏరడం అంటే ఏమిటో పల్లె స్త్రీకి ఎవరూ వివరించనవసరం లేదు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని స్త్రీకి, అంటరాని స్త్రీని నీళ్లు అడిగిన మనిషి కథ ఎలా వినబడి ఉంటుందో మీరే ఆలోచించండి.

జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెలుగు బైబిలు స్త్రీల మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన గ్రంథం ప్రచురించారు. ఈ స్త్రీలను మిషనరీల సహాయకులుగా కాక, తమంత తాము కార్యకర్తలుగా చూడాలన్న దృష్టి అందులో కనబడుతుంది. ఇక్కడ ఇంకో విషయం కలిపి చూడాలి. మాదిగ సమాజంలో స్త్రీకి మతపరమైన అధికారం కొత్త కాదు. మాతంగి అనే స్త్రీ అమ్మవారి ఆవేశంతో జాతరలో ముందు నడిచేది, పైకులాల వాళ్లను ముఖం మీదే తిట్టేది. థర్‌స్టన్ 1909లో వెలువరించిన కుల వివరణ సంపుటాల్లో ఈ వివరాలు ఉన్నాయి. ఒంగోలులో పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకంలోనూ మాతంగి ప్రస్తావన ఉంది. చర్చి మాతంగిని ఒప్పుకోలేదు. ఆ స్థానంలో బైబిలు స్త్రీ వచ్చింది. ఆమెకు అక్షరం, జీతం, గౌరవం దక్కాయి. ఊరి పెద్దను తిట్టే హక్కు మాత్రం పోయింది.

ఎమ్మా గురించి ఒక మాట. ఆమె ఒంగోలు పుస్తకం రాయడానికి ఏడాది ముందు, 1898లో, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీ హక్కుల మీద పరిశోధన గ్రంథం ప్రచురించింది. మిషనరీ స్త్రీలందరూ ఒకే రకంగా ఆలోచించేవారని అనుకోవడం పొరపాటు.

ఏం చెప్పేవారు?

బోధలో మొదట వచ్చేది శుభ్రత. క్లౌ కొత్త క్రైస్తవులకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. రెండో నియమం వంటింటి మీద నేరుగా పడింది. తినడానికి వేరే ఏముందని ఆ ఇల్లాలు అడిగితే జవాబు కష్టం. మొదటి నియమం కామందుతో తగాదా తెచ్చింది. వెట్టి మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు పనికి రానంటే ఊరుకునే కాలం కాదది. స్త్రీల విషయంలో ఈ నియమం సగమే అమలైందనుకోవచ్చు. ఆదివారం పొలానికి సెలవు దొరికింది, పొయ్యికి దొరకలేదు.

తరవాత బిడ్డల ఆరోగ్యం, కాన్పు. ఇక్కడ మాటతో పాటు చేతా వచ్చింది. ఆనా కుగ్లర్ పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1883లో గుంటూరు వచ్చింది. ఆమెను పంపిన లూథరన్ సంఘం మొదట జనానా పనికే నియమించింది, వైద్యానికి కాదు. వైద్యం చేయకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. పురుష వైద్యుడికి చెయ్యి చూపించని స్త్రీలు ఇంటి లోపలే చనిపోతుంటే, వాక్యం చదివి రావడం ఎలా? 1886లో మందుల కేంద్రం మొదలైంది, 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆమె 1930లో మరణించేదాకా గుంటూరుతో ఆ బంధం సాగింది. ఏలూరు రాజా రోగుల వెంట వచ్చేవాళ్ల కోసం ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. ఆసుపత్రికి నర్సులు కావాలి. రక్తం, మైల ముట్టుకోవలసిన పనికి పైకుల స్త్రీలు రాని కాలం. క్రైస్తవ బాలికలు వచ్చారు. 'మంచి తల్లి కావడం ఎలా' అని మొదలైన బోధ ఇలా జీతం ఇచ్చే వృత్తికి దారి తీసింది. ఆ బోధ రాసినవాళ్లు దీన్ని కోరుకున్నారో లేదో గానీ, జరిగింది అదే.

అచ్చులో ఈ బోధ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో 'వివేకవతి' మాసపత్రికగా కనబడుతుంది. మద్రాసులోని క్రైస్తవ సాహిత్య సంఘం దీన్ని ప్రచురించింది. గృహ నిర్వహణ, ఆరోగ్యం, శిశుపోషణ, కథలు, నీతి ఇందులోని సరుకు. మీరు పాత సంచికలు చూడగలిగితే ఒక పని చేయండి. క్రైస్తవ ప్రస్తావన ఉన్న వ్యాసాలను పక్కన పెట్టి, మిగిలినవాటిని 'హిందూ సుందరి' వ్యాసాలతో పోల్చండి. ఇల్లు శుభ్రంగా పెట్టుకో, ఖర్చు లెక్క రాసుకో, భర్త అలసి వస్తే చిరునవ్వుతో ఎదురువెళ్లు, అత్తతో ఓర్పుగా ఉండు అన్న ధోరణి రెండు చోట్లా ఉంటుంది. దేవుడు మారినా ఇల్లాలు మారలేదు. ఇద్దరి ముందూ ఉన్నది ఇంగ్లండు మధ్యతరగతి ఇల్లాలి బొమ్మ.

ఈ బొమ్మకు బైబిలు నుంచి తెచ్చుకున్న ఆధారం సామెతల గ్రంథం 31వ అధ్యాయం చివరి 22 వచనాలు. హీబ్రూ అక్షరమాల వరసలో సాగే పద్యం అది. నేటికీ స్త్రీల కూటాల్లో దీని మీద ప్రసంగం లేకుండా ఏడాది గడవదు. ఆ పద్యాన్ని ఒకసారి పూర్తిగా చదవండి. అందులోని స్త్రీ పొలం చూసి బేరమాడి కొంటుంది. ద్రాక్షతోట వేస్తుంది. బట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. చెయ్యి చాచిన పేదకు ఇస్తుంది. భర్త ఊరి గవిని దగ్గర పెద్దలతో కూర్చుంటాడు. ఇల్లాలి ఓర్పుకు ఉదాహరణగా చెప్పే ఈ భాగంలో ఓర్పుకంటే వ్యాపారమే ఎక్కువ. జీతం తెచ్చి ఇల్లు నడిపిన బైబిలు స్త్రీ దీన్ని చదివి వినిపించినప్పుడు, ప్రసంగం ఒకటి చెబితే ఆమె బతుకు ఇంకొకటి చెప్పింది.

పెళ్లి, ఓర్పు, చట్టం

భార్యాభర్తల సంబంధం గురించిన బోధను చట్టం పక్కన పెట్టి చూడకపోతే సగమే అర్థమవుతుంది. ఈ బోధ బలపడిన రోజుల్లోనే క్రైస్తవ వివాహానికి చట్టాలు వచ్చాయి. 1869లో భారత విడాకుల చట్టం, 1872లో భారత క్రైస్తవ వివాహ చట్టం. రెండో చట్టం 60వ సెక్షన్ దేశీయ క్రైస్తవుల పెళ్లికి వరుడికి 16 ఏళ్లు, వధువుకు 13 ఏళ్లు దాటి ఉండాలంది. ఇప్పుడు మనకు అది చాలా తక్కువ వయసు. నాలుగైదేళ్ల పిల్లలకు తాళి కట్టే కాలంలో అది పెంపే.

1869 చట్టం 10వ సెక్షన్ మాత్రం తూకం తప్పింది. భార్య వ్యభిచరించిందని రుజువు చేస్తే భర్తకు విడాకులు దొరుకుతాయి. భర్త వ్యభిచరించాడని రుజువు చేసినా భార్యకు అది చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, అలాంటి మరో నేరమో కూడా చూపించాలి. కొట్టడం ఒక్కటే అయితే విడాకులు లేవు, న్యాయస్థానం ద్వారా విడిగా ఉండటానికి మాత్రం అనుమతి. జిల్లా కోర్టు డిక్రీ ఇచ్చినా హైకోర్టు ధ్రువీకరించాలి. గుంటూరు జిల్లా పల్లెలో కూలి చేసుకునే స్త్రీ మద్రాసు హైకోర్టు దాకా ఎలా వెళుతుంది? ఓర్చుకో, ప్రార్థించు, అతని మనసు మారుతుంది అని బైబిలు స్త్రీ చెప్పిన మాటను ఈ నేపథ్యంలో వినండి. అది బోధ మాత్రమే కాదు. ఆమె చేతిలో ఇంకేమీ లేదు.

దీని వెనక అంతగా చర్చించని సంగతి ఒకటుంది. మాల, మాదిగ కులాల ఆచారంలో కుల పెద్దల ముందు తెగతెంపులు చేసుకోవడం, మారుమనువు చేసుకోవడం ఉండేవి. విధవ మళ్లీ పెళ్లాడటం అక్కడ సంస్కరణ కాదు, మామూలు వ్యవహారం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం చారిత్రక ఘట్టమైంది, ఎందుకంటే అది బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగింది. విధవ పునర్వివాహానికి చర్చి అడ్డు చెప్పలేదు. కానీ బతికి ఉన్న భర్తను విడిచి మారుమనువుకు పోవడాన్ని అది ఒప్పుకోలేదు. చర్చిలో జరిగిన పెళ్లి చావు దాకా చెల్లాలి. ఒక మనిషికి ఒకే భార్య అన్న నియమం స్త్రీకి రక్షణ ఇచ్చింది. బసివిగా, మాతంగిగా ఆడపిల్లను విడిచే ఆచారం ఆగింది. ఆడపిల్లకు బడి దొరికింది. వీటికి బదులుగా తాగుబోతు మొగుడి నుంచి తప్పుకునే పాత దారి మూసుకుపోయింది. లాభమా, నష్టమా అని ఒక్క మాటలో తేల్చమంటే నేను తేల్చలేను. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మీరూ రెండు వైపులా రాయండి.

10వ సెక్షన్‌లోని ఈ అసమానతను కేరళ హైకోర్టు 1995లో తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అప్పటినుంచి భార్యకు, భర్తకు విడాకుల కారణాలు సమానం, క్రూరత్వం ఒక్కటే చాలిన కారణం. 1869 నుంచి లెక్కిస్తే 132 ఏళ్లు.

డోర్నకల్లులో మదర్స్ యూనియన్

తెలుగు జిల్లాల్లో కరువు మొదలైన 1876లోనే ఇంగ్లండులోని హాంప్‌షైర్ పల్లె ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్‌లో మేరీ సమ్నర్ అనే పాస్టరు భార్య ఊళ్లోని తల్లులను ఇంటికి పిలిచింది. ధనికులు, పేదలు కలిసి వచ్చారు. మాట్లాడటానికి నోరు పెగలక, వచ్చే వారం రమ్మని వాళ్లను పంపేసిందని చెబుతారు. వచ్చే వారం మాట్లాడింది. 1885లో పోర్ట్స్‌మత్ సభలో ఆమె చేసిన ప్రసంగంతో ఈ కూటం ఊరు దాటింది, మదర్స్ యూనియన్ పేరుతో బ్రిటిష్ సామ్రాజ్యమంతా పాకింది. సభ్యురాలికి ఒక కార్డు ఇచ్చేవారు, దాని మీద ప్రమాణం, ప్రార్థన ఉండేవి. విడాకుల విషయంలో సంఘం చాలా కఠినం. విడాకులు పొందిన స్త్రీకి 1970ల దాకా సభ్యత్వమే లేదు.

ఈ సంఘం తెలుగు పల్లెకు వచ్చేసరికి రూపం మారింది. 1912 డిసెంబరులో వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన భార్య అంబు మరియమ్మాళ్ తిరునెల్వేలి నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, డయోసిస్‌లో మదర్స్ యూనియన్‌ను, స్త్రీల పనిని నడిపింది. డోర్నకల్ పద్ధతిలో ముఖ్యమైన అంశం ఉపాధ్యాయుడితో పాటు భార్యకూ శిక్షణ ఇవ్వడం. పల్లెకు పంపేది ఒక మనిషిని కాదు, ఒక జంటను. ఆయన బడి చూసుకుంటే ఆమె పల్లె స్త్రీలను చూసుకుంటుంది. చర్చి వ్యవహారంలో నేటికీ పాస్టరును 'అయ్యగారు' అనీ, ఆయన భార్యను 'అమ్మగారు' అనీ పిలుస్తారు. పిలుపులో ఇద్దరూ సమానమే. జీతం రాసే పుస్తకంలో మాత్రం చాలా చోట్ల అయ్యగారి పేరే ఉంటుంది. బైబిలు స్త్రీ జీతానికి చేసిన పనిని అమ్మగారు జీతం లేకుండా చేయడం ఎలా మొదలైందో పరిశోధించవలసిన అంశం. మీలో ఎవరైనా ప్రాజెక్టు పనికి ఎంచుకోవచ్చు.

పల్లె కూటంలో ప్రమాణపు కార్డుకంటే గట్టిగా నాటుకున్నది పిడికెడు బియ్యం. వంటకు బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ కుండ చర్చికి వస్తుంది. భర్త చేతి డబ్బును అడగకుండా, తన చేతిలో ఉన్న ఒక్క వనరు నుంచి స్త్రీ ఇచ్చే కానుక అది. తనకే చాలని ఇంట్లో పిడికెడు తీయడం చిన్న సంగతి కాదు. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఎవరి చేతికి పోయిందో, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలని ఎవరు నిర్ణయించారో చర్చి కమిటీ మినిట్స్ పుస్తకాల్లో వెతకాలి.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. స్త్రీల కూటాలు 'స్త్రీల మైత్రి' పేరుతో సాగాయి. తల్లులకే కాక అవివాహితలకు, విధవలకు కూడా ఆ పేరులో చోటుంది. స్త్రీలు పాస్టర్లుగా అభిషేకం పొందడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయోసిస్‌కు బిషప్ అయింది. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమె, కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన తెలుగు స్త్రీ.

మీ ప్రాంతంలో పాత చర్చి ఉంటే, అనుమతి తీసుకుని బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు చూడండి. వివాహ రిజిస్టరులో వధువు సంతకం చేసిందా, వేలిముద్ర వేసిందా అన్నది 1900 నుంచి 1950 దాకా పదేళ్లకొకసారి లెక్కపెట్టండి. సంతకాలు ఏ ఏళ్లలో పెరిగాయో కనబడుతుంది. తరవాత ఆ ఏళ్లలో ఆ ఊళ్లో బైబిలు స్త్రీగా ఎవరు పనిచేశారో పెద్దవాళ్లను అడిగి, పేరు రాసుకోండి. ఇంటిపేరుతో సహా.